మీ ఇంట్లో వాళ్ళు బాగున్నారా?

పరదేశంలో కుట్టుపని నేర్పే ఉద్యోగమంటే కుట్టుపని నేర్పడమే అనుకుని బయలుదేరాను. అందులో సగం కూడా నిజం కాదని అక్కడికి పోయాక తెలిసింది. మిగిలిన సగం ఏమిటో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. తెలియని సంగతి రాయడం దేనికని మీరు అడగవచ్చు. ఈమధ్య మా వైపు నుంచి చాలామంది ఆడపిల్లలు బట్టల ఫ్యాక్టరీల్లో సూపర్‌వైజర్లుగా, ట్రైనర్లుగా బయటి దేశాలకు పోతున్నారు. పంపే ఏజెంట్లు వీసా గురించి చెబుతారు, పెట్టె బరువు గురించి చెబుతారు. అక్కడ ఒక గదిలో ఆదివారం ఎలా గడుస్తుందో ఎవరూ చెప్పరు. నా ప్రమోషన్లు, సర్టిఫికెట్లు ఇక్కడ రాయను. వాటివల్ల మీకు ఉపయోగం లేదు. నేను తికమకపడిన సంగతులు రాస్తాను.

నా పేరు కె. సరోజ. మాది పుదుచ్చేరిలో ఇందిరా నగర్. తాతల కాలం నుంచి ఇక్కడే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఫ్యాక్టరీలో రెండింటి మధ్య కాస్త ఇంగ్లీషు. బడిలో చదివింది తమిళమే. తెలుగు అక్షరాలు మాత్రం మిల్లు కార్మికుడైన మా నాన్న పట్టుబట్టి పలక మీద దిద్దించాడు. మా ఊరి శివారు మేట్టుపాళయంలో ఒక చొక్కాల ఫ్యాక్టరీలో దారాలు కత్తిరించే పనికి చేరాను. తర్వాత కఫ్‌లు కుట్టాను, కాలర్లు కుట్టాను, లైను సూపర్‌వైజర్‌నయ్యాను, చివరికి కొత్తవాళ్ళకు పని నేర్పే ట్రైనర్‌నయ్యాను. పెళ్ళి చేసుకోలేదు. అది వేరే కథ. నాకున్నదల్లా మా అక్క రాజేశ్వరి. కడలూరు రోడ్డు మీద కిరుమాంబాక్కంలో ఆమెకు చిన్న టిఫిన్ అంగడి ఉంది.

నాకు యాభై దగ్గర పడుతున్న రోజుల్లో, ఇథియోపియాలో చొక్కాల ఫ్యాక్టరీ పెడుతున్న ఒక కంపెనీ కాలరు లైనుకు ట్రైనర్ కావాలని మా మేనేజరును అడిగింది. ఆయన నా పేరు చెప్పాడు. ఇథియోపియా ఎక్కడుందో నాకు తెలియదు, ఆఫ్రికాలో అని ఆయనే చెప్పాడు. అక్కకు చెప్పాను.

"ఆఫ్రికానా? యాడికే పోతావు నువ్వు? ఆ ఊళ్ళో మనోళ్ళు ఎవురన్నా ఉండారా?"

"పనుండాది గదక్కా."

"పని ఈడ లేదా?"

బయటి దేశం ఒక్కసారి చూడాలని ఉంది, అంతే. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి, జీతం ఎక్కువని చెప్పాను.

గాలి పీల్చుకునే పిల్లలు

ఆ దేశపు రాజధానికి దక్షిణంగా, ఒక సరస్సు పక్కన మా ఫ్యాక్టరీ. కొత్త షెడ్డు, కొత్త మిషన్లు. కుట్టే పిల్లలందరూ చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. చాలామంది అంతకు ముందు కరెంటు మిషను మీద చెయ్యి పెట్టలేదు. వాళ్ళ భాష నాకు రాదు, నా భాష వాళ్ళకు రాదు. మధ్యలో గెన్నెత్ ఉండేది. ముప్పై ఏళ్ళ మనిషి, ఆ ఊరి పిల్లే, కాలరు లైనుకు సూపర్‌వైజర్. ఆమెకు నాపాటి ఇంగ్లీషు వచ్చు. మేమిద్దరం ఆ విరిగిన ఇంగ్లీషులోనే మాట్లాడుకునేవాళ్ళం. ఇక్కడ దాన్ని తెలుగులో రాస్తున్నాను కాబట్టి చక్కగా కనిపిస్తుంది. నిజంగా అంత చక్కగా లేదు.

మొదటి వారంలోనే గెన్నెత్ "రేపు రెండు గంటలకు మీటింగు" అంది. నేను మధ్యాహ్నం భోజనం చేసి రెండింటికి పోయాను. గది ఖాళీ. మీటింగు పొద్దున్నే ఎనిమిదింటికే అయిపోయింది. అక్కడివాళ్ళ గడియారం సూర్యుడితో మొదలవుతుంది. తెల్లవారాక ఒక గంట గడిస్తే ఒంటి గంట, రెండు గంటలు గడిస్తే రెండు. నెలలు కూడా మన నెలలు కావు. సరే, ఇవి తెలుసుకుంటే సరిపోయేవి. తెలుసుకోవాలని కూడా తెలియనివి కొన్ని ఉంటాయి. అవే మనిషిని తినేస్తాయి.

కాలరు మూల తిప్పడం చూపించి "అర్థమైందా?" అని అడిగేదాన్ని. ఆ పిల్ల చప్పున గాలి లోపలికి పీల్చుకునేది. 'హా' అని, సగం శ్వాస, సగం చప్పుడు. మన దగ్గర వేలికి సూది గుచ్చుకుంటే అలా పీలుస్తారు. మొదటిసారి నేను కంగారుపడి, మిషను ఆపి, ఆ పిల్ల చెయ్యి లాగి వేళ్ళన్నీ తిప్పి చూశాను. ఆ పిల్ల పేరు తిగిస్త్. ఆమె చెయ్యి వెనక్కు లాక్కుని బెదురుగా చూసింది. గుచ్చుకోలేదు, రక్తం లేదు. పక్కపిల్లను అడిగాను. ఆమె కూడా అలాగే పీల్చింది. లైనంతా అంతే. నేను దగ్గరికి పోయి నోరు తెరిస్తే చాలు, ఒక్కొక్కరూ ఉలిక్కిపడినట్టు గాలి పీల్చుకునేవాళ్ళు.

నన్ను చూస్తే వీళ్ళకు భయమని తేల్చుకున్నాను. బొట్టు పెద్దదిగా ఉందేమోనని చిన్నది చేశాను. గొంతు పెద్దదేమోనని తగ్గించాను. ఊరగాయ తింటున్నాను, నోరు వాసనేమోనని అదీ మానేశాను. చివరికి మిషనుకు దూరంగా నిలబడి, చేతులతో గాలిలో చూపించడం మొదలుపెట్టాను. కాలరు మూల గాలిలో చూపిస్తే ఎవరికి వస్తుంది? ఆల్టర్ పీసులు, అంటే విప్పి మళ్ళీ కుట్టాల్సిన చొక్కాలు, బుట్టలు బుట్టలుగా పేరుకున్నాయి.

అడగవచ్చు కదా అంటారు. ఏమని అడగను? 'నన్ను చూస్తే భయమా' అని అడిగి, ఎదుటి మనిషి మళ్ళీ అలాగే గాలి పీల్చుకుంటే?

మీది తెలుగేనా?

కంపెనీ గెస్ట్‌హౌస్‌లో నాకొక గది ఇచ్చారు. అక్కడే అకౌంట్స్ చూసే ప్రసాద్ గారు ఉండేవారు. గుంటూరు వైపు మనిషి. తెలుగాయన ఉన్నాడని విని నా ప్రాణం లేచొచ్చింది. మొదటి రోజు భోజనాల దగ్గర ఆయనే పలకరించారు.

"ఏమండీ, మీరు తెలుగువారటగా?"

"ఔను సార్. మాది పాండిచ్చేరి. మీరు యాడ సార్? ఎప్పుడొచ్చిండారు ఈడికి?"

ఆయన చెంచా కింద పెట్టి పకపకా నవ్వారు. "యాడ, ఈడ ఏంటండీ! మీది తెలుగేనా? తమిళానికి తెలుగు చొక్కా తొడిగినట్టుందే!"

చెడ్డవాడు కాదు. ఆయనకు నా మాట నిజంగానే ముచ్చటగా అనిపించింది. ఇంకో మాట చెప్పండి, ఇంకో మాట చెప్పండి అని అడిగేవారు. నాకేమో ఆయన తెలుగు రేడియోలో వార్తల్లా వినిపించేది. సగం అందేది, సగం దాటిపోయేది. పుదుచ్చేరిలో నన్ను అందరూ తెలుగోళ్ళమ్మాయి అంటారు. ఇక్కడ తెలుగాయన తమిళావిడ అన్నాడు. ఫ్యాక్టరీ పిల్లలకు నేను 'ఇండియా'. హిందీ రాదని అంటే 'ఇండియా అయితే హిందీ ఎందుకు రాదు' అని ఆశ్చర్యపోయేవాళ్ళు. నేను ఎవరినో చెప్పడానికి నాకే మాట దొరకలేదు. ఆయనతో తెలుగు మానేసి ఇంగ్లీషులో మాట్లాడసాగాను. ఆయన కూడా నెమ్మదిగా తగ్గించేశారు.

కొన్ని నెలలకు ఆయనకు మరో దేశం బదిలీ అయింది. పోయే రోజు తన రైస్ కుక్కర్ నా గది గుమ్మం దగ్గర పెట్టారు.

"ఒకటి అడగనాండీ? నాతో తెలుగులో మాట్లాడడం ఎందుకు మానేశారు? ఈ ఊళ్ళో నాకు తెలుగు వినపడేది మీ నోటే. నేనేమైనా తప్పుగా అన్నానా?"

నేను వంగి కుక్కర్ లోపలికి తీసుకున్నాను. ఆయన కారెక్కారు. ఇన్నాళ్ళూ పక్క గదిలో ఇంకో మనిషి నాలాగే గోడలు చూస్తూ కూర్చున్నాడని ఆ క్షణం దాకా నాకు తట్టలేదు.

పెరేరా గారి సలహా

ఫ్యాక్టరీ మేనేజరు పెరేరా శ్రీలంక మనిషి. శ్రీలంక అంటే తమిళం వస్తుందని నేను మొదటి రోజే "వణక్కం సార్" అని గుక్క తిప్పుకోకుండా తమిళంలో మాట్లాడాను. ఆయన ముఖం తలుపు వేసినట్టు మూసుకుపోయింది. ఆయన సింహళం మాట్లాడేవాడు. ఎందుకలా ముఖం మార్చుకున్నాడో చాలా రోజులకు గానీ నాకు కాస్తయినా అర్థం కాలేదు.

పని తెలిసిన మనిషి. మిషను చప్పుడు విని ఏ భాగం అరిగిందో చెప్పేవాడు. మనుషుల బాధలన్నీ హాజరు సమస్యలే అని ఆయన నమ్మకం. ఒకసారి నిద్ర పట్టడం లేదని చెప్పుకుంటే ఇలా అన్నాడు. "సరోజా, నేను నాలుగు దేశాల్లో పనిచేశాను. ఒక్కటే సూత్రం. పనివాళ్ళతో కలవకు. వాళ్ళ ఇళ్ళకు పోకు, వాళ్ళను రానివ్వకు. పని చెయ్యి, అన్నం తిను, పడుకో. రోజులు వాటంతటవే పోతాయి."

నేను ఆ సలహా అక్షరాలా పాటించాను. రోజులు పోలేదు. ఆయనకు మాత్రం పోయాయా? ఆయన గది కిటికీలోంచి ఎప్పుడు చూసినా టీవీలో పాత క్రికెట్ మ్యాచే ఆడుతుండేది. బాసులు చెప్పే సలహాల గురించి నా అభిప్రాయం ఇది: వాళ్ళకు పనికొచ్చిందా లేదా అని ముందు వాళ్ళ ముఖం చూసి తెలుసుకోండి.

ఆ దేశంలో వానాకాలం చలికాలం కూడా. మన ఊళ్ళో ఎండ మండే నెలల్లో నేను స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని కిటికీలోంచి బురద చూస్తూ కూర్చునేదాన్ని. శనివారం పని ముగిశాక గదిలోకి పోతే మళ్ళీ సోమవారం దాకా ఎవరితోనూ మాట ఉండేది కాదు. సోమవారం పొద్దున మొదటి మాట గొంతులోంచి తుప్పు పట్టిన తాళంలా వచ్చేది. అక్క ఫోన్ చేస్తే "బాగుండానక్కా, బ్రహ్మాండంగా ఉండాను" అనేదాన్ని. ఆమె అంగట్లో గిన్నెల చప్పుడు, "ఇంకో రెండిడ్లీ" అనే కేకలు వినడానికి మాత్రం ఫోన్ చెవి దగ్గరే ఉంచుకునేదాన్ని.

అక్కడివాళ్ళ పలకరింపు చాలా పొడుగు. గెన్నెత్ రోజూ పొద్దున్నే నా చెయ్యి పట్టుకుని వరసగా అడిగేది. బాగున్నావా? రాత్రి బాగా గడిచిందా? ఒళ్ళు బాగుందా? మీ ఇంట్లో వాళ్ళు బాగున్నారా? ప్రతి ప్రశ్నకూ జవాబిచ్చి, తిరిగి మనమూ అడగాలి. నేను "బాగు, బాగు" అని చెయ్యి విడిపించుకుని మిషన్ల వైపు పోయేదాన్ని. టార్గెట్ నెత్తిమీద ఉండేది.

ప్రసాద్ గారు వెళ్ళిన వారం, ఒక శుక్రవారం పొద్దున, గెన్నెత్ అలాగే అడుగుతూ వచ్చింది. మీ ఇంట్లో వాళ్ళు బాగున్నారా అనే దగ్గరికి వచ్చేసరికి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆపుకుందామనుకుంటే వెక్కిళ్ళు మొదలయ్యాయి. చెకింగ్ టేబుల్ మీద కాలర్ల బండిల్ మీద తల పెట్టి, లైనంతా చూస్తుండగా ఏడ్చేశాను. మిషన్లు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. గెన్నెత్ నా వీపు మీద చెయ్యి వేసి మెల్లగా అడిగింది. "మీ అక్కా?"

నాకు అక్క గొంతు వినాలని ఉంది. ఔనని తల ఊపాను.

ఆ సాయంత్రం జ్వరం తగిలింది. శనివారం పనికి పోలేదు.

ఆదివారం

ఆదివారం పొద్దున గేటు దగ్గర పెద్ద ఏడుపు వినిపించింది. ఒకరిది కాదు, చాలామందిది. కిటికీ తెర తీసి చూస్తే తెల్లటి నూలు వస్త్రాలు తల మీదుగా కప్పుకుని ఆడవాళ్ళు గుంపుగా లోపలికి వస్తున్నారు. ముందు గెన్నెత్, ఆమె పక్కన ఒక ముసలావిడ, వెనక తిగిస్త్, మా కాలరు లైను పిల్లలంతా. కొందరి చేతుల్లో గిన్నెలు, కొందరి చేతుల్లో మూటలు. రొమ్ము మీద చరుచుకుంటూ నేరుగా నా గదికే వచ్చారు.

నేను తలుపు తీశాను. గెన్నెత్ నన్ను గట్టిగా పట్టుకుని, "మీ అక్క," అంది. "మాకు తెలిసింది. దేవుడు నీకు బలమివ్వాలి."

వీళ్ళకు ఎవరు చెప్పారు? ఆఫీసుకు కబురొచ్చి ఉంటుంది. జ్వరంగా ఉందని నాకు చెప్పకుండా ఆపి ఉంటారు. నేను ఫోన్ తీసి అక్కకు కొట్టాను. మోగుతోంది, తియ్యడం లేదు. మళ్ళీ కొట్టాను. తియ్యడం లేదు. అంతే, నేను నేల మీద కూలబడి "అక్కా" అని అరిచాను. నా అరుపుకు ఆడవాళ్ళు రెట్టింపు గొంతెత్తారు. ముసలావిడ నా పక్కన కూర్చుని నా తల తన ఒళ్ళోకి లాక్కుంది. ఆమె గెన్నెత్ వాళ్ళమ్మ. అందరూ ఎమామా అని పిలిచేవాళ్ళు. ఆమె ఒంటి నుంచి పొగ వాసన, కాఫీ వాసన వచ్చింది.

ఏడుపు విని పెరేరా బనియనుతోనే పరుగెత్తుకొచ్చాడు. గెన్నెత్ చెప్పింది. ఆయన ముఖం మారిపోయింది. నా ఎదుట గొంతుక్కూర్చున్నాడు.

"సరోజా, నువ్వు ఇంటికి వెళ్ళు. రేపటి విమానానికి టికెట్ నేను తీస్తాను. కంపెనీ ఖర్చు. నెల రోజులుండు, ఇంకా కావాలంటే ఇంకా ఉండు. లైను సంగతి నేను చూసుకుంటాను."

అంత మెత్తగా మాట్లాడగలడని నాకు తెలియదు. అప్పుడే నా చేతిలో ఫోన్ మోగింది. తెర మీద అక్క పేరు.

"ఏందే సరోజా, ఇన్నిసార్లు కొట్టిండావు? సాంబారు పొయ్యి మీదుండాది. ఏంది విషయం?"

"అక్కా... నువ్వేనా?"

"నేను గాక ఇంకెవురు? ఏంది ఆ గొంతు? ఎవురే వెనకాల అట్లా ఏడ్చేది? ఎవురు పోయింది?"

"నువ్వే పోయినావనుకున్నా."

"నేనా!" అటువైపు గరిటె దేనికో తగిలిన చప్పుడు. "నీకేమన్నా పైత్యమా? పొద్దున్నే ఏం మాటలే ఇవి? అంగడి నిండా జనం ఉండారు. ఏడవబాక. పని ముగించి చేస్తా." పెట్టేసింది.

గదంతా నా వైపే చూస్తోంది. మేము మాట్లాడింది ఎవరికీ అర్థం కాలేదు. పెరేరా అడిగాడు. "దహనం ఎప్పుడంట? నువ్వు చేరేదాకా ఆపుతారా?"

శుక్రవారం నేను తల ఊపిన సంగతి అప్పుడు తట్టింది. ఆ కబురు ఆఫీసుకు రాలేదు. నేనే పంపాను.

మీకు నిజం చెబుతాను. ఆ క్షణంలో నేను నోరు మూసుకుని ఉంటే మర్నాడు విమానంలో ఉండేదాన్ని. కిరుమాంబాక్కంలో అక్క అంగడి ముందు దిగేదాన్ని. ఎన్ని నెలలుగా నేను కోరుకున్నది అదే. ఒక్క తల ఊపు చాలు. ఇంతకు ముందే ఊపాను కూడా. నన్ను ఆపింది నిజాయితీ అని చెప్పుకోలేను. బతికున్న అక్కను పోయిందని నా నోటితో అంటే అది ఆమెకు తగులుతుందేమోనని భయమేసింది. లేదా ఎమామా చెయ్యి ఇంకా నా తల మీదే ఉండటం కావచ్చు. ఏదో నాకు తెలియదు.

"ఎవరూ చనిపోలేదు," అన్నాను.

గెన్నెత్ అర్థం కానట్టు చూసి, తమ భాషలో చెప్పింది. ఏడుపు ఆగింది. ఎమామా నా తల వదిలి, నా ముఖం తన వైపు తిప్పుకుని ఏదో అడిగింది.

"అయితే ఆ రోజు ఎందుకు ఏడ్చావని అడుగుతోంది," అంది గెన్నెత్.

"నాకు ఇక్కడ ఎవరూ లేరు. అందుకు."

గెన్నెత్ చెప్పింది. ఏం చెప్పిందో, మధ్యలో ఏ మాట జారిపోయిందో, ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా మళ్ళీ గొల్లుమన్నారు. ఎవరూ లేరంటే అందరూ చచ్చిపోయారని అనుకున్నారు! ఒక్క అక్క అనుకుని వస్తే వంశమంతా పోయిందే అని కొత్తగా రొమ్ము బాదుకుంటున్నారు. నేను "లేదు, లేదు" అంటుంటే, ఆ బాధలో ఒప్పుకోలేకపోతోందని ఇంకా గట్టిగా పట్టుకుంటున్నారు.

దారి లేక అక్కకు వీడియో కాల్ చేశాను. ఈసారి వెంటనే తీసింది. చెమట పట్టిన ముఖం, చేతిలో గరిటె, వెనక సాంబారు ఆవిరి. ఫోన్ ఎమామా ముందు పెట్టి, "అక్క," అన్నాను.

ఎమామా తెరను కళ్ళకు దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది. అక్క కూడా చూసింది.

"ఏందే ఇంతమంది? పెద్దామె ఎవురు? వణక్కమమ్మా! తిన్నారా?"

ఎమామా తన భాషలో ఏదో సుదీర్ఘంగా చెప్పింది. అక్క "సరి సరి" అంటూ విని, "మా సరోజ మొండిది, కొంచెం చూసుకోండి, అన్నం సరింగా తినదు," అని తెలుగులో బదులు చెప్పింది. ఆమె మళ్ళీ ఏదో అంది. ఈమె మళ్ళీ ఏదో అంది. ఇద్దరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు, ఇద్దరూ ఆపలేదు. ముందు తిగిస్త్ నవ్వింది. తర్వాత ఎవరూ ఆపుకోలేకపోయారు. పెరేరా గోడకు ఆనుకుని ముఖం తుడుచుకుంటూ నిలబడ్డాడు. నవ్వుతున్నాడో ఏమో సరిగ్గా కనబడలేదు.

ఎమామాకు మాత్రం కోపమొచ్చింది. అంత దూరం బురదలో నడిపించావని కసిరిందట. కసురుతూనే మూట విప్పి, పచ్చి కాఫీ గింజలు పెనం మీద వేయించడం మొదలుపెట్టింది. వేయించిన బార్లీ గింజలు అందరికీ పంచింది. ఆ గుంపు మధ్యాహ్నం దాకా నా గదిలోనే ఉంది. పెరేరాకు కూడా ఒక కప్పు ఇచ్చారు. ఆయన గుమ్మంలోనే నిలబడి తాగి, బనియనుతో ఉన్నానని అప్పుడు గమనించినట్టుంది, వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమే గెన్నెత్‌ను అడిగాను, పిల్లలు నన్ను చూసి ఎందుకు అలా గాలి పీల్చుకుంటారని. అలా చేసి చూపించాను కూడా. ఆమె నా వైపు వింతగా చూసింది.

"అది 'ఔను' అనడం. నువ్వు అర్థమైందా అంటావు, వాళ్ళు ఔనంటారు. మరి నువ్వెందుకు వెనక్కు వెనక్కు పోతావు? మేమంటే నీకు అసహ్యమని పిల్లలు అనుకుంటున్నారు."

తర్వాత

అంతటితో అంతా తెలిసిపోయిందని రాస్తే అది అబద్ధం. సోమవారం నుంచి మిషను పక్కనే కూర్చుని, పిల్ల చెయ్యి మీద నా చెయ్యి వేసి కాలరు మూల తిప్పించాను. పని బాగుపడింది. ట్రైనర్‌గా నాకు తెలిసిన గట్టి సంగతి ఇదొక్కటే: చేతిపని దూరం నుంచి నేర్పలేరు. పెరేరా తన సూత్రాన్ని నాకు మళ్ళీ చెప్పలేదు, వెనక్కూ తీసుకోలేదు.

ఎమామా ప్రతి ఆదివారం రమ్మని కబురు పంపేది. పోతే ఓదార్పు మాటలేమీ ఉండవు. చాటలో పప్పు పోసి రాళ్ళు ఏరమనేది. నేను చుట్టాన్నో పనిమనిషినో తెలిసేది కాదు. అడిగే భాష లేదు. ఏరేదాన్ని. భోజనాల దగ్గర వాళ్ళ పుల్లట్టులో కూర చుట్టి తన చేత్తోనే నా నోట్లో పెట్టేది. మొదటిసారి సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాతర్వాత ఆ ముద్ద కోసం ఎదురుచూశాను. ఒంటరితనం పోయిందా? వానాకాలం రాగానే మళ్ళీ వచ్చేది. వచ్చినప్పుడు ఎక్కడికి పోవాలో తెలిసింది, అంతే తేడా.

'ఔను' అనే మాట కూడా నాకు పూర్తిగా పట్టుబడలేదు. ఎదుటివాళ్ళ మనసు నొప్పించడం ఇష్టం లేక కూడా ఔనంటారు. ఒక సాయంత్రం తిగిస్త్‌ను "రేపు వస్తావుగా?" అని అడిగాను. చక్కగా గాలి పీల్చి ఔనంది. మర్నాడు రాలేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. లైనులో అందరికంటే బాగా కాలరు కుట్టే పిల్ల. అరబ్బు దేశంలో ఇంటిపనికి పోయిందని కొందరన్నారు. నేను మా ఊరు వదిలి ఆమె ఊరికి పోయాను, ఆమె తన ఊరు వదిలి ఇంకెక్కడికో పోయింది. ఆ ఇంట్లో ఎవరైనా పొద్దున్నే ఆమె చెయ్యి పట్టుకుని అన్ని ప్రశ్నలు అడుగుతారా అని ఇప్పటికీ అనుకుంటాను.

కాంట్రాక్టు ముగిశాక తిరిగొచ్చాను. కొన్నేళ్ళు మేట్టుపాళయంలోనే పనిచేసి రిటైరయ్యాను. వచ్చిన కొత్తలో మా ఇందిరా నగర్ కూడా పరాయిగా కనిపించింది. పక్కింటావిడ "ఎప్పుడొచ్చినావు?" అని అడిగి, జవాబు వినకుండానే లోపలికి పోతే మనసు చివుక్కుమంది. అంతకు ముందు నేనూ అలాగే పోయేదాన్ని కదా.

పోయిన నెల అక్క తన అంగడి పక్కింటి పిల్ల దేవిని నా దగ్గరికి పంపింది. బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ చేస్తుంది. జోర్డాన్‌లో సూపర్‌వైజర్ ఉద్యోగం వచ్చింది. పని గురించి అడిగింది, తిండి గురించి అడిగింది. నేను తెలిసినంత చెప్పాను. అన్నీ అయ్యాక చెప్పులు తొడుక్కుంటూ, నా వైపు చూడకుండా అడిగింది.

"అత్తా, ఆడ ఏడుపొస్తే ఏం చెయ్యాల?"

"గదిలో తలుపేసుకుని మాత్రం ఏడవబాక. పదిమంది ఉండే చోట ఏడువు."

"అయ్యో, వాళ్ళు ఇంకేదో అనుకుంటే?"

"అనుకోనీ. ఇంకేదో అనుకునే గదా ఆడ నా లైను పిల్లలంతా నా దగ్గరికి వచ్చిండేది."